పైకప్పులో వోల్గా

రెండువేల తొమ్మిది జూలై ఒకటిన, కొత్త చట్టం ప్రకారం దేశంలో కాసినోలన్నీ ఒక్కసారే మూతపడ్డాయి. సరాతోవ్‌లో మాదీ పడింది. పదకొండేళ్లు అందులో రూలెట్ చక్రం తిప్పినదాన్ని నేను. ఇకమీదట జూదమాడాలంటే ప్రభుత్వం గీసిన నాలుగు మండలాలకే పోవాలట. వాటిల్లో ఒకదాన్ని మా మేనేజరు గెన్నాదీ ల్వోవిచ్ స్వయంగా వెళ్లి చూసొచ్చాడు.

"ఏముందండీ అక్కడ?" అని అడిగాం.

"గడ్డి. ఆవులు. వాటికి పేకాట నేర్పుతామంటే ఇప్పుడే బయల్దేరండి."

నవ్వాం గానీ ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. అసలే మాంద్యం రోజులు. మా ఆయన విటాలీ పనిచేసే ఫ్యాక్టరీ వారానికి మూడు రోజులే నడుస్తోంది.

మర్నాడు పొద్దున హాలు ఖాళీ చేయడానికి వెళ్తే గెన్నాదీ నన్ను పక్కకి పిలిచాడు. "జోయా, మార్కెట్ వెనక సెల్లార్లో చిన్న హాలు తెరుస్తున్నా. బయట లాటరీ అని బోర్డుంటుంది. నీలాంటి చెయ్యి ఈ ఊళ్లో ఇంకోటి లేదు."

"పోలీసులొస్తేనో?"

"వస్తే వాళ్లకీ ఓ కుర్చీ వేస్తాం."

సాయంత్రంలోగా చెబుతానన్నాను. మనసులో అప్పటికే ఒప్పేసుకున్నాను.

మా కాసినో హాలు అంతకుముందు ఓ సినిమా థియేటర్ ముందరి పెద్ద హాలు. ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలని దాని యజమాని పట్టు. కిటికీలకు కొట్టిన నల్ల చెక్కలు కూలీలు ఊడబెరికారు. పదకొండేళ్లలో మొదటిసారి ఎండ లోపలికొచ్చింది. పచ్చటి మఖమలు అనుకున్న నా బల్ల నిండా సిగరెట్ చురకలు, మరకలు. సిగ్గేసింది.

తర్వాత కప్పుకు వేలాడదీసిన అట్టలు పీకడం మొదలెట్టారు. మొదటి అట్ట కింద పడగానే వెనకనుంచి ఓ కేక.

"మెల్లిగా! మెల్లిగా పీకండిరా, మీ చేతులు పడిపోనూ!"

క్లావా పిన్ని. గుమ్మం దగ్గర వచ్చినవాళ్ల కోట్లు అందుకుని తగిలించే మనిషి. తొమ్మిదేళ్లలో ఆవిడ గొంతు పెంచగా వినలేదెవరూ.

ఒక్కో అట్టా ఊడుతుంటే పైన నీలం విప్పారుతోంది. ముందు నీళ్లు, మా ఊరి వోల్గా. నీళ్లలో ఈదుతున్న పిల్ల. ఆ పిల్ల చేతులు చాచిన చోట నది నదిలా లేదు, రాత్రి ఆకాశమైపోయింది. అలలెక్కడ ఆగాయో, చుక్కలెక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అన్నీ చిటికెన వేలి గోరంత రంగురాళ్లు. ఎండ తగిలి హాలంతా నీలం నీడలు కదులుతుంటే, నీటి అడుగున నిలబడ్డట్టే ఊపిరి బిగబట్టాను. కూలీలు నిచ్చెన మీదే టోపీలు తీశారు.

రోజూ మా దగ్గర ఆడే టాక్సీ డ్రైవరు యెఫీమ్, తలుపు తెరిచుందని అలవాటు కొద్దీ లోపలికొచ్చి, నేలమీద వెల్లకిలా పడుకుండిపోయాడు. "ఆరేళ్లుగా వస్తున్నా. ఒక్కసారైనా తలెత్తలేదే!"

"ఎత్తినా అట్టలే కనపడేవిలే," అన్నాడొక కూలీ. యెఫీమ్ నవ్వలేదు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఉంది," అంటోంది క్లావా పిన్ని, గోడ పట్టుకుని. "ఉంది. పగలగొట్టేశారనుకున్నా."

"నీకు ముందే తెలుసా పిన్నీ?"

"అతికించినవాళ్లలో నేనొకదాన్నే. పంతొమ్మిదేళ్లప్పుడు. ముప్ఫైమంది అమ్మాయిలం. నీలం రాళ్లు చాలక ఆసుపత్రి మందుసీసాలు పగలగొట్టి అతికించాం. అదిగో, ఆ పిల్ల భుజం నా చేత్తో పెట్టిందే."

"మరి తొమ్మిదేళ్లలో ఒక్క మాటైనా అడగలేదేం, పైన ఏముందని?"

"లేదంటే ఏంచేసేదాన్నే? ఉందనుకుంటూ దాని కిందే కోట్లు తగిలించుకున్నా."

సాయంత్రం గెన్నాదీకి రానన్నాను.

"పిచ్చా నీకు? బొమ్మ అన్నం పెడుతుందా?"

"పెట్టదండీ. కానీ మళ్లీ కిటికీల్లేని గదిలోకి దిగలేను."

మిగతా అమ్మాయిలు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టను. నేను ట్రామ్‌లో కండక్టరుగా చేరాను. సగం జీతం. విటాలీ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఓ ఆదివారం హాలుకి తీసుకెళ్లి చూపిస్తే, నా చెయ్యి పట్టుకున్నాడు.

హాలు అద్దెకు తీసుకుని కప్పు మళ్లీ మూసేస్తానన్న ఓ ఫర్నిచర్ షాపువాడు మాంద్యం దెబ్బకి వెనక్కి తగ్గాడు. ఇంకెవరూ అద్దెకు రాలేదు. కష్టకాలమే దానికి కాపలా కాసింది. రెండేళ్లకు ఊరి సంగీత పాఠశాల ఆ హాలు తీసుకుంది. రాలిన చోట్ల రాళ్లు అతికించడానికి ఆ ముప్ఫైమందిలో బతికున్నవాళ్ల కోసం వెతికితే, క్లావా పిన్ని ఒక్కతే దొరికింది.

అరవై నాలుగేళ్ల మనిషి ఆగకుండా పరంజా ఎక్కేసింది. సిమెంటు గిన్నెతో వెనక నేను. పైకెళ్లాక ఆ పిల్ల భుజం మీద అరచెయ్యి ఆనించి, రాళ్లు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఊఁ, చెయ్యి తడుపుకో," అంది.

మధ్యాహ్నానికి నేను పదకొండు రాళ్లు పెట్టాను. వంకరగా ఉన్నాయని పిన్ని నాలుగు పీకేసింది.