గైడు పేరు రాసే చోట

కుమాసీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలకు వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో నేర్పడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా అదే పని. నువ్వెప్పుడైనా ఏదైనా అమ్మావా అని మాత్రం నన్నడక్కండి. ఆ ప్రశ్నంటే నాకు ఒళ్ళుమంట.

బిరాగో అమ్మని క్లాసుకు పిలిచింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆవిడ యూనివర్సిటీ గేటు దగ్గర ముప్పై ఏళ్ళుగా బాంకూ, అంటే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, వండి అమ్ముతోంది. ఆఖరి ఏడాది పిల్లలు బొగ్గు తక్కువ తాగే పొయ్యి ఒకటి చేశారు. పొడుగ్గా, సన్నగా, చూడముచ్చటగా ఉంది. వంట తెలిసిన మనిషి వచ్చి రెండు మంచి మాటలు చెబితే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది కదా అనుకున్నాను.

ఆవిడ పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగింది. కాలి బొటనవేలితో తట్టింది. అది ఊగింది.

"ఎవరే దీన్ని చేసింది?"

అంత్వివా చెయ్యెత్తింది. ఆ క్లాసులో చురుకైన పిల్లంటే అదే.

"ఎప్పుడైనా బాంకూ ముద్ద కలిపావా తల్లీ? రెండు చేతులా తెడ్డు పట్టుకుని ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాలి. దీనిమీద తిప్పితే కుండా, పొయ్యీ, నువ్వూ ముగ్గురూ కలిసి ఆసుపత్రికి పోతారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!"

క్లాసంతా పగలబడి నవ్వింది. నా క్లాసులో పిల్లలు అంతకుముందు అలా నవ్వింది ఒక్కసారే, నా ప్యాంటు చిరిగిన రోజు.

మరుసటి వారం నుంచి నా ముందు కుర్చీలు ఖాళీ. ఎక్కడున్నారా అని వెతుక్కుంటూ పోతే బిరాగో అమ్మ కొట్టు దగ్గర తేలారు. అంత్వివా చెమటలు కక్కుతూ తెడ్డు తిప్పుతోంది. ముసలమ్మ పక్కన కూర్చుని తిడుతోంది.

"నడుం వంచవే! పెళ్ళికూతురిలా నిలబడితే ముద్ద అవుతుందా? ఓ సారూ, మీరూ రండి, ఒక పట్టు పట్టండి!"

"నాకు పనుంది" అన్నాను. ఏ పనీ లేదు. గదికి వెళ్ళి ఆ గ్రూపు మొత్తానికి గైర్హాజరు వేసేశాను. పిల్లలు ఆవిణ్ణి ప్రొఫెసర్ అని పిలవడం మొదలుపెట్టారు. నాకింకా ఆ పదవి రాలేదు! కడుపు మండదా మరి?

పొయ్యి మారిపోయింది. పొట్టిగా, వెడల్పుగా, బరువుగా, కుండ కదలకుండా పట్టుకునే కొక్కేలతో తయారైంది. రంగైనా వెయ్యకముందే పదకొండు మంది ఆడవాళ్ళు మాక్కావాలంటే మాక్కావాలని వచ్చారు.

అంతలో కొత్త వ్యాపారాల పోటీ వచ్చింది. గెలిచిన గ్రూపుకి ఒక షెడ్డూ, రెండువందల పొయ్యిలకు సరిపడా పెట్టుబడీ ఇస్తారు. అంత్వివాకి చదువయ్యాక బతుకుతెరువు అదే. ఫారంలో గైడు పేరు రాసేందుకు ఒక గీత ఉంటుంది. పద్నాలుగేళ్ళలో మంచి గ్రూపు ఏదైనా సరే, ఆ గీతమీద నా పేరే ఉండేది. ఈసారి చూస్తే బిరాగో అని ఉంది.

"ఇదేంటి?"

"మాకు నేర్పింది ఆవిడే కదా సార్."

"గైడంటే యూనివర్సిటీ మనిషే అయ్యుండాలి. రూలు."

అలాంటి రూలు ఎక్కడా లేదు. అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది.

"సార్, ఆవిడకు చెప్పేశాం కూడా..."

"ఆ పేరుంటే నేను సంతకం పెట్టను. సాయంత్రంతో గడువైపోతుంది. ఆపైన నీ ఇష్టం."

ఆ పిల్ల ఆ పేరు కొట్టేసి నా పేరు రాసింది. సిగ్గుపడాల్సింది పోయి సంతోషపడ్డాను. ఉన్నమాట చెబుతున్నాను.

పోటీ రోజు హాలు నిండిపోయింది. బిరాగో అమ్మ కొట్టు మూసేసి, చర్చికి కట్టుకునే బట్ట కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. జడ్జీల్లో ఒకాయన ఇంగ్లీషులో అడిగాడు.

"పొయ్యిలు చేసిన గ్రూపులు నాలుగున్నాయి. ఆడవాళ్ళు ఎగబడి అడుగుతున్నది మీ పొయ్యొక్కటే. ఏమిటి కారణం?"

అంత్వివా నా వైపు చూడలేదు. ముందు వరసకేసి చూస్తూ ఇంగ్లీషులోనే చెప్పింది.

"మా గైడండి. మా మొదటి పొయ్యి చూసి మా మొహానే నవ్వారు. తెడ్డు చేతికిచ్చి బొబ్బలెక్కేదాకా తిప్పించారు. కొనేవాళ్ళ నడుం నొప్పి నీకు తెలియనంతకాలం నువ్వు చేసేది ఉత్త ఇనుము అన్నారు. మాకు వచ్చిందంతా ఆ చేతి చలవే."

జడ్జీలు ఫారంలో గైడు పేరు చూసుకుని నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను లేచాను. గుండెమీద చెయ్యి పెట్టుకుని తల కూడా వంచాను. వాళ్ళే గెలిచారు.

బయటికి రాగానే బిరాగో అమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు.

"సారూ, మా పిల్ల అంతసేపు ఏం చెప్పింది? అందరూ మిమ్మల్ని చూసి చప్పట్లు కొట్టారే!" అని, గొంతు తగ్గించి, "నా మాటేమైనా వచ్చిందా?" అంది.

రాలేదంటే ఆ ఒక్క ముక్కతో అయిపోయేది. నా కడుపులో మంట ఇంకా చల్లారలేదు కూడా. కానీ ఆ చర్చి బట్ట చూశాను.

"మీ గురించే చెప్పిందమ్మా."

"నిజంగానా? ఏమంది? అంతా చెప్పండి, ఒక్క ముక్కా వదలొద్దు."

మా భాషలో మొదట్నించీ చెప్పాను. నవ్వడం, తెడ్డు, బొబ్బలు, నడుం నొప్పి, అన్నీ. ఆవిడ బట్ట కొసతో కళ్ళు తుడుచుకుంటూ వింది. ఎక్కడో ఒకచోట అబద్ధం కలపాల్సి వస్తుందని కాచుకుని ఉన్నాను. ఒక్క మాటా మార్చాల్సిన పని పడలేదు.