పిచ్చుక వాళ్ళ సార్

“బంగారం, ఒక్కసారి దీని సంగతి చూసిపెట్టవా?”

ఆ పిలుపు వినపడేసరికి ఆమె బీన్స్ ఈనెలు తీస్తోంది. చొక్కా గుండీ ఊడినా, స్నానాల గదిలో సబ్బు అయిపోయినా, వాళ్ళమ్మ బీపీ మాత్ర కనపడకపోయినా భర్త ఇదే గొంతుతో ఇదే మాట అంటాడు. ఈసారి చూసిపెట్టాల్సింది భోజనాల బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్‌ని. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసలుగా దిగి, చివర ఎర్రగా ఒక మాట దగ్గర ఆగిపోయి ఉన్నాయి: ఫెయిల్డ్.

“నాకు మీటింగుంది. రిపోర్టులు రావట్లేదని ఆసుపత్రి వాళ్ళు గోల పెడుతున్నారు. కొత్తపిల్ల ఏదో కెలికినట్టుంది,” అంటూనే అతను ఫోను చెవికి ఆనించుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది.

భర్త పనిచేసే కంపెనీ ఊరూరా ఉన్న ఆసుపత్రుల కంప్యూటర్లను చూసుకుంటుంది. ఆ సర్వర్లలో ఎవరికీ కనపడకుండా రాత్రింబవళ్ళు నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. సర్వీసులంటారు వాటిని. ఒకటి కౌంటరు దగ్గర టోకెన్లిస్తుంది. ఒకటి రక్తపరీక్షల యంత్రాల నుంచి అంకెలు తెచ్చుకుంటుంది. ఇంకొకటి ఆ అంకెల్ని రిపోర్టుగా మార్చి డాక్టరు గదికి పంపుతుంది. వాటితో మాట్లాడడానికి బొమ్మలుండవు, నొక్కడానికి మీటలుండవు. నల్లటి తెర మీద మాట టైపు చేసి అడగాలి, అది చెప్పింది చదువుకోవాలి. అంతే. ఈ పని ఆమె ఒకప్పుడు జీతానికి చేసింది. పాప పుట్టినప్పుడు, అత్తయ్యకి మోకాలి ఆపరేషను కూడా అప్పుడే వచ్చిపడితే, “రెండేళ్ళు ఆగు, ఆ తర్వాత నీ ఇష్టం,” అన్నాడు భర్త. పాప ఇప్పుడు రెండో తరగతి. అత్తయ్య మోకాలు నిక్షేపంలా ఉంది. ‘ఆ తర్వాత’ మాత్రం ఇంకా రాలేదు.

భర్తకి ఈ పని రాదని కాదు. వచ్చేది. పైకి వెళ్ళేకొద్దీ మనుషుల్ని చూసుకోవడం ఎక్కువై చెయ్యి మొద్దుబారింది. ఒకరోజు అతను తల పట్టుకుని కూర్చుంటే, ఉతికిన బట్టలు మోసుకుపోతూ ఆమే ఆగి, “డిస్కు నిండిపోయింది కదండీ, ఆ మూడో వరసలోనే ఉంది,” అంది. అతను చూశాడు, నిజమే. ఆ సాయంత్రం ఆమెని కూర్చోబెట్టి తనే టీ పెట్టాడు. ఆ రోజు ఆమె పడ్డ సంతోషం తల్చుకుంటే ఆమెకే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆకలితో ఉన్నవాళ్ళకి వాసన చూపిస్తే చాలు కదా! అప్పట్నుంచీ ‘ఒక్కసారి’ కాస్తా రోజూ అయింది. ప్రమోషనుతో అతనికి కొత్త లాప్‌టాప్ వచ్చింది. పాతది భోజనాల బల్ల మీద అతని పేరుతోనే తెరుచుకుని ఉండిపోయింది. తెర మీద ప్రతి వరస మొదట్లోనూ అతని పేరే, ఆ తర్వాత ఆమె వేళ్ళు. ఏ ఆజ్ఞ ఎవరిచ్చారో సర్వర్ రాసుకుంటుంది. ఆ లెక్కలో ఆమె ఎక్కడా లేదు. ఉత్తమ సేవకి కంపెనీ ఇచ్చిన అద్దం ఫలకం హాల్లో టీవీ పక్కన ఉంది. దాని మీద దుమ్ము తుడవడం మాత్రం ఆమె పనేనని ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్య కొడుకుని చూపించి, “మావాడు మనిషి సగమైపోయాడు, ఆ కంప్యూటర్ల చాకిరీతో,” అనేది. కోడలు అదే కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం, “కాసేపు నడుం వాల్చక దాని మొహం ఏం చూస్తావమ్మాయ్?” అనేది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగా జాలే. 

తెర మూలన, అతని పేరుతోనే ఉన్న ఆఫీసు చాట్ కిటికీ వెలిగింది. కొత్తపిల్ల. పేరు పక్కన ఫొటో బదులు పిచ్చుక బొమ్మ పెట్టుకుంది కాబట్టి ఆమె మనసులో ఆ పిల్ల పేరు పిచ్చుక.

“సార్, ఉన్నారా? రిపోర్టుల సర్వీసు రీస్టార్ట్ చేస్తున్నా, పడిపోతోంది. మళ్ళీ చేస్తున్నా, మళ్ళీ పడిపోతోంది. అక్కడ పేషెంట్లు కూర్చునున్నారట సార్. ఏడుపొస్తోంది.”

“ఏడుపు తర్వాత. ముందు చెయ్యి తియ్యి. పడిపోయినవాణ్ణి లేపేముందు ఎందుకు పడ్డాడో చూడాలా వద్దా? స్టేటస్ అడిగావా?”

“అడిగాను సార్. ఫెయిల్డ్ అంటోంది.”

“అది మొదటి వరస. కింద ఏమంటోందో చదువు.”

ఆమెకి కారణం అప్పటికే తెలిసిపోయింది. ఆమె తలుచుకుంటే గబగబా రెండు వరసలు కొట్టి లేచి వెళ్ళి బీన్స్ పొయ్యి మీద వెయ్యొచ్చు. కానీ అవతలి పిల్ల తనంతట తను కనుక్కునే దాకా ఆగితే వచ్చే ఆనందం వేరు. ఎప్పుడో మొదటి ఉద్యోగంలో ఎవరో తనకోసం అలా ఆగారు.

“సార్! డేటాబేస్ దొరకట్లేదంటోంది. అంటే తప్పు రిపోర్టులది కాదు, దాని వెనకాల అంకెలు దాచే డేటాబేస్ సర్వీసే లేవలేదు! కానీ దాన్ని పోయిన వారం నేనే స్టార్ట్ చేశాను సార్, బ్రహ్మాండంగా నడిచింది.”

“స్టార్ట్ చేశావు సరే. ఎనేబుల్ చేశావా?”

“...రెండూ ఒకటి కాదా సార్?”

“కాదమ్మా. స్టార్ట్ అంటే ఇప్పటికి నడువు అని. ఎనేబుల్ అంటే మిషను ఆగి మళ్ళీ లేచినప్పుడల్లా నిన్నెవరూ పిలవకపోయినా లేచి నీ పని చూసుకో అని. నిన్న కరెంటు పనుల కోసం సర్వర్ ఆపి లేపారు కదా. దానికి ఎవరూ చెప్పలేదు, అది లేవలేదు. ముందు దాన్ని ఎనేబుల్ చేసి స్టార్ట్ చెయ్యి. ఆ తర్వాత రిపోర్టుల్ని లేపు.”

పిచ్చుక అలాగే చేసింది. రిపోర్టులు డాక్టర్ల గదులకి వెళ్ళాయి. ఎక్కడో తను ఎన్నడూ చూడని వరండాలో ఎవరో బెంచీ మీంచి లేచి లోపలికి వెళ్ళి ఉంటారు.

“సార్, మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో! మా నాన్న కూడా నాకింత ఓపిగ్గా లెక్కలు చెప్పలేదు,” అని రాసింది పిచ్చుక.

ఆమె పైకే నవ్వేసింది. పక్కగదిలోంచి అత్తయ్య, “ఎవరితోనమ్మా ఆ నవ్వులు?” అంది.

“ఎవరూ లేరత్తయ్యా.”

అది అబద్ధం కాదు.

ఆ తర్వాత నెలల తరబడి పిచ్చుక రోజూ వాలేది. పని గురించే ఎక్కువ. మధ్యమధ్యలో తన హాస్టల్లో నల్లుల గురించి, ఒక పంటి నొప్పి గురించి, ఆఫీసులో తను మాట్లాడుతుంటే మధ్యలో దూరే మగపిల్లల గురించి. “మీరు మాత్రం అలా కాదు సార్,” అనేది. మొదట్లో ఆ ‘సార్’ అన్న మాట వేసుకున్న చెప్పులో రాయిలా గుచ్చుకునేది. పోనుపోను అలవాటైంది. ఇంకా కొన్నాళ్ళకి, ఉదయం ఆ పిలుపు రాకపోతే ఏదో వెలితిగా ఉండేది. రోజంతా ఆమెని పిలిచేవాళ్ళకి కొదవ లేదు. అమ్మా, అమ్మాయ్, బంగారం, వదినా. ఆ పిలుపుల వెనకాల ఒక గ్లాసో, ఒక చొక్కానో, ఒక మాత్రో ఉండేది. నువ్వేమనుకుంటున్నావు అని అడగడానికి పిలిచేది పిచ్చుక ఒక్కతే. ఆ పిల్ల పిలిచేది కూడా తనని కాదు. కూరగాయలు కోస్తూ ఆమె ఒక్కోసారి ఆ పిల్లకి ఏం చెప్పాలో లోపల్లోపల వల్లించుకునేది. పాపని బడి దగ్గర దింపి వస్తూ, పక్కింటావిడ మాట్లాడుతుంటే ఊఁ కొడుతూ, మనసులో పిచ్చుకతోనే మాట్లాడుతుండేది. ఇంటినిండా మనుషులున్నా, ఉన్న ఒక్క స్నేహితురాలికీ తను ఆడదాన్నని తెలియదు.

ఒక సాయంత్రం భర్త ఆఫీసు నుంచి వస్తూనే బూట్లు విప్పకుండా అన్నాడు: “ఏం చెప్పావు ఆ పిల్లకి? మెట్ల దగ్గర ఎదురుపడి ఒకటే థాంకులు! ఏదో వరస గురించి అడిగింది. నాకేం తెలుసు? నవ్వి తలూపేసి లిఫ్టెక్కేశా. అంతలా విడమర్చి చెప్పకు తల్లీ, నా పరువు పోతుంది.”

ఆమె ఆ అవకాశాన్ని వదులుకోలేదు. “నేను మళ్ళీ ఉద్యోగంలో చేరతానండీ. పాప పెద్దదైంది కదా.”

“ఇప్పుడా? నువ్వెళ్తే నా పనెవరు—” అతను సగంలో ఆగాడు. బూటు తాడు మీదికి వంగాడు. “ఇంటి పనెవరు చూస్తారు?”

జారిన మాటని ఇద్దరూ విన్నారు. భోజనాల దగ్గర అతను కూర బాగుందని రెండుసార్లన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోతోంది. భర్త ఇంటి నుంచే పనిచేస్తూ పడకగదిలో ఎవరితోనో పెద్దగా మాట్లాడుతున్నాడు. ఆమె ఒక పక్క పాప యూనిఫారం ఇస్త్రీ చేస్తూ, ఒక పక్క సర్వీసులు వరసగా ఆకుపచ్చగా నడుస్తున్నాయో లేదో చూసుకుంటోంది. పిచ్చుక వాలింది.

“సార్, పని కాదు. సొంత విషయం. అడగొచ్చా?”

“అడుగు.”

“నాకు పెళ్ళి కుదిరింది సార్.”

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అభినందనలు రాసింది. అవతల పిల్ల రాస్తూనే ఉంది. చుక్కలు ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ ఆడుతున్నాయి. చివరికి ఒక్కసారిగా వచ్చిపడింది.

“అబ్బాయి మంచివాడే సార్. వాళ్ళింట్లో మాత్రం ఉద్యోగం మానెయ్యమంటున్నారు. రెండేళ్ళు ఆగి మళ్ళీ చేరొచ్చులే అంటున్నారు. నాకేమీ తోచలేదు. మొన్న క్యాంటీన్లో మీరన్నారు కదా, మీ ఆవిడ కూడా ఈ పనే చేసేవారని, తనంతట తనే మానేశారని, ఇప్పుడు ఇంట్లో హాయిగా ఉన్నారని. అది విన్నాక నాకూ ధైర్యమొచ్చింది. రాజీనామా రాసిపెట్టుకున్నా, సాయంత్రం పంపించేస్తా. ఒక్కటి చెప్పండి సార్. ఆవిడ నిజంగానే హాయిగా ఉన్నారా?”

ఆమె కూర్చుంది. ఇస్త్రీ బల్ల మీద చిన్న చొక్కా ఒక చెయ్యి చాపుకుని పడి ఉంది.

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు. అమ్మ అడిగేది, “అందరూ బాగున్నారా?” అని. అందరిలో నువ్వూ ఉన్నావుగా అని అమ్మ ఉద్దేశం. భర్త అడగలేదు, అతనికి జవాబు ముందే తెలుసు, క్యాంటీన్లో చెప్పాడు కూడా. ఈ పిల్ల అడిగింది. అడిగింది మళ్ళీ అతన్నే. ఆమె ‘ఉంది’ అని టైపు చేసింది, ఆ అక్షరాలు అతని పేరు పక్కన ఎంతో సహజంగా కూర్చున్నాయి. చెరిపేసింది. ‘తొందరపడకు, బాగా ఆలోచించుకో’ అని రాసింది. పెద్దమనిషి సలహాలా ఉంది, ఎటూ కాకుండా. అదీ చెరిపేసింది. నిజం రాస్తే ఏమవుతుంది? ఇక్కడ రాసింది అతని కొత్త లాప్‌టాప్‌లోనూ కనపడుతుంది. పిచ్చుక రాసేవేవీ అతను చదవడు కానీ ఇది ఏదో ఒకనాడు చదువుతాడు. ఒకరి పేరుతో ఇంకొకరు సర్వర్ ముట్టుకున్నారని కంపెనీకి తెలిస్తే అతన్ని నిలబెట్టి అడుగుతారు. ఇంట్లో ఎవరి మొహం ఎలా మారుతుందో ఆమెకి ఇప్పుడే కనపడుతోంది. అవన్నీ ఒక ఎత్తు. రేపట్నుంచి ఈ నల్లటి తెర ఉండదు. పిచ్చుక ఇక వాలదు. మోసం చేశారని అసహ్యించుకుంటుందేమో కూడా. ఉన్న ఒక్క కిటికీని తన చేత్తో తనే మూసుకోవాలి. మరి మూసుకోకపోతే? ఇంకెక్కడో ఇంకో భోజనాల బల్ల, ఇంకో పిల్ల, ఎవరి పేరు వెనకాలో వేళ్ళు. రెండేళ్ళు ఆగు అన్నప్పుడు తనకెవరైనా ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళందరూ అప్పటికే ఎక్కడో హాయిగా ఉన్నారు కాబోలు.

పడకగది తలుపు తెరుచుకుంది. భర్త చార్జరు కోసం వచ్చాడు. “ఏంటి, సర్వర్లు కులాసానా?”

“కులాసానే. మీ కొత్తపిల్ల ఏదో అడుగుతోంది.”

“ఏదో ఒకటి చెప్పి పంపించెయ్ బంగారం, నాకు టైము లేదు.”

“చెప్తున్నాను,” అంది ఆమె.

అతను వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపలి నుంచి అతని నవ్వు వినపడింది. ఆమె కుర్చీ దగ్గరగా జరుపుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ టైపు చేసింది. ఒకసారి చదువుకుంది. పంపించింది.

“రాజీనామా పంపకమ్మా. ఇన్నాళ్ళూ నీకు పని నేర్పింది మీ సార్ కాదు, ఆ హాయిగా ఉన్నావిడే.”