ఎడమకి జరిగిన గొంతు

సోమవారం పొద్దుటి నుంచి మా ఆయన గొంతు ఆయనకి రెండడుగులు ఎడమగా వినిపిస్తోంది. మనిషి సోఫాలోనే ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి, "రాజ్యం, కాఫీ" అన్న మాట మాత్రం ఫ్రిజ్ దగ్గర నుంచి వస్తోంది. నేను కాఫీ తీసుకెళ్ళి ఫ్రిజ్ ముందు నిలబడతాను. తర్వాత నా మీద నాకే విసుగొచ్చి సోఫా దగ్గరికి వెళ్తాను.

మా ఆయన పేరు పట్టాభి. కాకినాడలో ఎవరింట్లో పాటల స్పీకర్లు పెట్టాలన్నా ఆయన్నే పిలుస్తారు. టేపుతో కొలిచి, గోడకి ఇంత, ఒకదానికొకటి ఇంత అని నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తారు. స్పీకర్ పెట్టెల్ని కాస్త లోపలికి తిప్పుతారు. అన్నీ కుదిరితే, కళ్ళు మూసుకున్నవాళ్ళకి పాడే మనిషి రెండు పెట్టెల మధ్య ఖాళీలో నిలబడ్డట్టు వినిపిస్తుంది. దాన్ని ఆయన బొమ్మ అంటారు. బొమ్మ అంగుళం పక్కకి జరిగినా ఆయనకి అన్నం సయించదు.

"బొమ్మ జరిగిందే," అంటారు ఫ్రిజ్ దగ్గర నుంచి, బెంగగా. ఎరుపు వైరూ నలుపు వైరూ తారుమారయ్యాయేమో, తన చెవుల్లో టార్చి వేసి చూడమంటారు. చూస్తాను. రెండు చెవుల్లోనూ వైర్లు సరిగ్గానే ఉన్నాయి. ఆ బెంగ చూడలేక వంటిల్లు వదిలి ఆయన పక్కనే కూర్చుంటున్నాను.

మంగళవారానికి గొంతు గోడ దాటుతుంది. పక్క ఫ్లాట్ సీతామాలక్ష్మి గారు తలుపు కొడతారు.

"మీవారు మా హాల్లో ఉప్మాలో ఉప్పెక్కువైందంటున్నారండీ. మేమివాళ ఇడ్లీలేసుకున్నాం."

"మా ఉప్మా గురించేనండీ. ఏమీ అనుకోకండి."

"అబ్బే, నాకేం! మాట మంచిదే. వెళ్ళిపోతుందా, భోజనానికి ఉంటుందా?"

ఉంటుందో లేదో నాకు తెలియదు. బుధవారం అది వాళ్ళ బాల్కనీలో ఉంటుంది, గురువారం వీధి అవతల మందుల షాపు ముందు. ఇలాగే పోతే ఆదివారానికి సముద్రం మీదకి చేరుతుంది. అక్కడి నుంచి ఏం వినపడుతుంది, నా మొహం! నాకు భయంగా ఉంది. మనిషి ఎదురుగా ఉండి గొంతు లేకపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు, నేర్చుకోవాలని కూడా లేదు.

ఆయన ఊరుకోరు. తనని తానే సుద్దగీతల మీద నిలబెట్టుకుంటారు. బీరువా జరుపుతారు, మందపాటి కర్టెన్లు వేస్తారు, భుజాలు కాస్త లోపలికి తిప్పుకుంటారు. ఏ మార్పు చేసినా మా హాలు ఒక అడుగు పొడుగవుతుంది, గొంతు మాత్రం వెనక్కి రాదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నేల మీద చతికిలబడి పెదాలు కదుపుతారు. ఏమంటున్నారో వినడానికి నేను కిటికీ తెరుస్తాను.

"ఎక్కడ తప్పు చేశానే?" అంటోంది ఆయన గొంతు, వీధిలోంచి.

నాకు ఒళ్ళు మండుతుంది. "ఎక్కడేవిటండీ! ఆ కుర్చీ చూడండి."

మా హాల్లోని రెండు పెట్టెలకీ సమాన దూరంలో ఒక్క కుర్చీ ఉంటుంది. బొమ్మ అందులో కూర్చున్నవాళ్ళకే కుదురుతుంది. స్పీకర్ల పిచ్చి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంతే, కుర్చీ ఒక్కటే. ముప్పై ఒక్కేళ్ళుగా అందులో కూర్చున్నది ఆయనే. నేను ఎడమవైపు వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క పెట్టె పాటే విన్నాను.

"నువ్వెప్పుడూ అడగలేదుగా?"

"మీరెప్పుడూ లేవలేదుగా!"

వీధి మెల్లగా అంటుంది. "ఇన్నేళ్ళూ వంటింటివైపు తిరిగి మాట్లాడీ మాట్లాడీ నా గొంతుకి అటే అలవాటైపోయిందే. సోమవారం నుంచీ నువ్వు నా పక్కనే ఉంటున్నావుగా. వంటింట్లో నువ్వు దొరక్క, వెతుక్కుంటూ పోతోంది. వచ్చి కుర్చీలో కూచో."

కూర్చుంటాను. ఆయన రెండు పెట్టెల మధ్య నిలబడతారు. కళ్ళు మూసుకుంటాను. "రాజ్యం," వీధిలో. "రాజ్యం," సీతామాలక్ష్మి గారి హాల్లో. "రాజ్యం," ఫ్రిజ్ దగ్గర. "రాజ్యం," నా ఎదురుగా, ఆయన నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. వచ్చేసింది నా తల్లి, వచ్చేసింది! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

కళ్ళు తెరిచి చూస్తే, వచ్చింది గొంతు ఒక్కటే కాదు. ఇన్నేళ్ళుగా ఆయన వంటింటివైపు అన్న మాటలు, కుక్కరు కూతల్లో, కుళాయి చప్పుడులో నాకు వినబడకుండా పోయినవన్నీ దాని వెనకే వస్తున్నాయి. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, వరసగా హాల్లో కూర్చుంటున్నాయి. "ఆ చీర నీకు బావుందే" అన్నదానికి జుట్టు నెరిసింది. "కాసేపు కూచోవే" అన్నవి పాతిక దాకా ఉన్నాయి. అన్నిటికీ చోటు చాలేలా హాలు పొడుగవుతోంది.

అందరికన్నా వెనక, గుమ్మం పట్టుకుని ఒకటి నిలబడి ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డంత ఉంది, ఏమీ ఎదగలేదు. పురిట్లోనే మా పాప పోయి, నేను ఉత్త చేతులతో ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మాట అది. నా ఏడుపు ఆయనకి వినపడకూడదని ఆ రోజు కుళాయి పూర్తిగా తిప్పేశాను. హాల్లో ఆయన ఏమీ అనలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

లేచి వెళ్ళి దాన్ని ఎత్తుకుంటాను. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. నా భుజం మీద తల వాల్చి, అచ్చం ఆయన గొంతుతో, "కుళాయి కట్టెయ్యవే రాజ్యం," అంటుంది. "నాకూ ఏడుపొస్తోంది."