మూడో పిల్ల

నా తోడల్లుడి మేక మూడు పిల్లల్ని ఈనింది. నా మేక ఒక్కదాన్నే ఈనింది, అదీ పోతుపిల్ల. అప్పట్నుంచి నాకు అన్నం సహించలేదు.

అసలు ముందు ఎంచుకున్నది నేనే. మా ఇద్దరికీ సెంటు భూమి లేదు. నేను సైకిళ్ళకి పంక్చర్లు వేస్తాను, అతను గోడలకి రంగులు వేస్తాడు. మా ఆవిడా అతని భార్యా అక్కచెల్లెళ్ళు కాబట్టి ఒకే ప్రహరీలో పక్కపక్క గదుల్లో కాపురాలు. పది మేకలు పోగైతే, ఎప్పటికైనా కాస్త నేల కౌలుకు తీసుకోవచ్చని ఇద్దరికీ ఆశ. రిటైరైన లారీ డ్రైవరు ఒకాయన చూలు మేకల్ని వాటాకి ఇస్తాడు. మేపే బాధ్యత మనది. తల్లి మేకా, ప్రతి ఈతలో ఒక పిల్లా ఆయనవి, మిగిలిన పిల్లలు మేపినవాడివి. పెద్దవాణ్ణి కదా, ముందు నేను వెళ్ళి నల్లగా నిగనిగలాడే మేకని పట్టుకున్నాను. తోడల్లుడికి ఎముకలపోగు మిగిలింది. ఆ రోజు లోలోపల ఎంత మురిసిపోయానో నాకే తెలుసు.

ఆ ఎముకలపోగే మూడింటిని పెట్టింది. డ్రైవరు వాటా పోను అతనికి రెండు, రెండూ ఆడపిల్లలే. నాకున్న ఒక్కటీ డ్రైవరుదే. పొద్దున్నే దొడ్లోకి వెళితే అటు పక్క మూడు గొంతులు అరిచేవి, ఇటు పక్క ఒకటి. వీధిలో వాళ్ళు నా కొట్టు దగ్గరికొచ్చి మరీ, "మీ తోడల్లుడు అదృష్టవంతుడయ్యా" అనేవారు. వాళ్ళ సైకిళ్ళకి ఆ రోజు గాలి తక్కువే కొట్టేవాణ్ణి.

మూడో రోజున అతను తువాలులో చుట్టి ఒక పిల్లని తెచ్చాడు. పిడికెడంత ఉంది.

"అన్నయ్యా, మా దానికున్నవి రెండే చన్నులు. ఆ పెద్దవి రెండూ దీన్ని దగ్గరికి రానివ్వట్లేదు. మీ మేకకి ఒక్కటే పిల్ల కదా. దాని పాలే దీని ఒంటికి రాసి, కాసేపు మేకని కదలకుండా పట్టుకుంటే నాలుగు రోజుల్లో తన పిల్లే అనుకుంటుందట. డ్రైవరుగారు చెప్పారు."

ఆ పిల్ల నా బొటనవేలు అందుకుని చప్పరించడం మొదలెట్టింది. వేలు లాగేసుకున్నాను.

"మా దానికి పాలెక్కడివయ్యా? ఉన్నదానికే చాలట్లేదు" అన్నాను.

పచ్చి అబద్ధం. నా మేక పొదుగు నేలకి తాకేంత నిండుగా ఉంది. అతను ఒక్కసారి అటు చూసి, "సర్లే అన్నయ్యా" అని వెళ్ళిపోయాడు.

మా ఆవిడ చేతిలో చీపురు పట్టుకునే నిలదీసింది. "నా చెల్లెలి ఇంటికి నాలుగు చుక్కల పాలివ్వడానికి మీ సొమ్మేం పోయింది?"

"రెండుండగా మూడోది కూడానా వాడికి!" అన్నాను. నోరు జారాక నాకే సిగ్గేసింది.

పోతుపిల్ల ఎప్పుడూ ఎడమ చన్నే తాగేది. కుడిపక్క పాలు నిలిచిపోయేవి. పిండేస్తే సరిపోయేది, కానీ మా దొడ్డికీ వాళ్ళ దొడ్డికీ మధ్య ఉన్నది ఒక్క రేకు. గిన్నెలో పాలధార పడితే అటు పక్కకి వినపడదూ? పాలు లేవని చెప్పిన మనిషి పాలెలా పిండుతాడు? రేపు, వాళ్ళు ఇంట్లో లేనప్పుడు అనుకున్నాను. మరదలు ఆ పిల్లకి సీసాతో పోతపాలు పట్టడానికి ఇల్లు కదిలితేగా!

ఆరో రోజుకి కుడిపక్క రాయిలా బిగిసింది. చెయ్యి వేస్తే కాలింది. మేక మేత ముట్టలేదు. పశువుల డాక్టరు కోసం పరుగెత్తింది తోడల్లుడే, మేక తల పట్టుకుని నిలబడిందీ అతనే.

డాక్టరు సూదిమందు ఇచ్చి చేతులు కడుక్కున్నాడు. "ప్రాణానికి భయం లేదు. ఈ పక్క మాత్రం ఇక పాలు రావు. ఇన్ని పాలున్న మేకని పిండకుండా ఎలా వదిలేశారండీ? ఇంకో పిల్లని తాగడానికి వదిలినా పొదుగు బాగుండేదిగా."

నేను నేల చూపులు చూశాను. తోడల్లుడు పాలు లేవన్నావుగా అని ఒక్క మాట అడిగినా తిరిగి అరుద్దామని నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పిల్లకి మూడు నెలలు నిండాక డ్రైవరు వచ్చాడు. తన వాటా పిల్లతో పాటు తల్లినీ తోలుకుపోయాడు. "మేకని మేపితే చాలదు నాయనా, చెయ్యి పెట్టి చూసుకోవాలి. నీకు ఇంకోటి ఇవ్వను" అని నలుగురిలో అనేశాడు. ఆ నలుగురిలో నా తోడల్లుడూ ఉన్నాడు.

మర్నాడు నేను ట్యూబుకి అతుకు వేస్తుంటే అతను కొట్టు దగ్గరకొచ్చాడు. వెంట ఒక ఆడమేక పిల్ల. తాడు కూడా లేదు, కుక్కపిల్లలా అతని వెనకే నడిచొచ్చింది. సీసాపాలతో పెరిగిన ఆ మూడోదే.

"అన్నయ్యా, దీన్ని నువ్వు పెంచు."

ఊరికే ఇస్తున్నాడేమో అనుకున్నాను. విసిరికొట్టాలని చెయ్యి లేచింది కూడా.

"వాటాకే," అన్నాడతను మొహమాటంగా. "ఈతకి ఒక పిల్ల నాకిచ్చెయ్, చాలు. మిగిలినవి నీవే. ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవని వదిన చెప్పింది."

మొన్నటిదాకా ఇద్దరం ఒకరి దగ్గరే వాటాదారులం. ఇప్పుడు అతను ఇచ్చేవాడు, నేను మేపేవాణ్ణి. కాదంటే దొడ్డి ఖాళీ, నేల ఆశా అక్కడితో సరి. ఔనంటే ప్రతి ఈతకీ పిల్లని ఎత్తుకుని రేకు అవతలికి వెళ్ళి ఇచ్చి రావాలి.

లోపమేదైనా దొరికితే వద్దనేద్దామని పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. నోరు తెరిచి పళ్ళు చూశాను, గిట్టలు చూశాను, పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. బ్రహ్మాండంగా పెంచాడు, వాడి దుంప తెగ.

"సరే, పెంచుతాలే" అన్నాను, అతని మొహం చూడకుండా.