పళ్ళ డాక్టరుగారి ఎడమ బూటు

ప్రార్థనా మందిరం వెనకున్న సమాధుల తోటలో గడ్డి కోయడం మానేద్దామని టైలరమ్మ అనగానే, కమిటీ అధ్యక్షుడైన పళ్ళ డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. ఆ గడ్డి మీద ఆయనకి ప్రాణం. సెలవు దొరికితే చాలు, గడ్డి కోసే మిషను తోసుకుంటూ సమాధుల మధ్య తిరిగేవాడు. దేవుడి సేవ అనేవాడు గానీ, భార్య చెప్పే పనులు ఎగ్గొట్టడానికని అందరికీ తెలుసు.

“తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ కాస్త చోటిద్దాం సార్. అవీ దేవుడు చేసినవేగా?” అంది టైలరమ్మ.

“దోమల్నీ ఆయనే చేశాడు. వాటికీ కుర్చీలు వేద్దామా?”

మందిరం గురువుగారు కళ్ళు మూసుకున్నారు. అది ధ్యానమో కునుకో ఎవరూ తేల్చలేకపోయారు. కాసేపటికి కళ్ళు తెరిచి, “ఒక్క ఏడాది వదిలి చూద్దాం” అన్నారు.

గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎవరూ నాటని పూలు పూశాయి. పిట్టలు చేరాయి. ప్రసంగం కన్నా వాటి గోలే నయమని జనం కిటికీల వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత వరండాలో విడిచిన చెప్పులు మాయం కాసాగాయి. అదీ జతలు కాదు, ఒక్కొక్కటే. ఆత్మశుద్ధి కోసం వచ్చినవాళ్ళు కుంటుకుంటూ, బూతులు మింగుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు. గురువుగారు మాత్రం తన చెప్పులు పీఠం కింద దాచుకుని, వస్తువుల మీద మమకారం వదులుకోమని బోధించారు.

చివరికి డాక్టరు కొత్త ఎడమ బూటు పోయింది. ఒక కాలికి మేజోడుతో ఆయన టైలరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

“అడివి పెంచావు, దొంగలు చేరారు!”

టైలరమ్మ గడ్డిలో దొరికిన ఒక పాత చెప్పు చేతికిచ్చింది. ఆయన తిట్టబోయి ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని, దాని మీదున్న పంటిగాట్లని వేలితో తడిమాడు.

“దొంగేం కాదు. ఇవి పాలపళ్ళు. సూదుల్లా ఉన్నాయి. కుక్కపిల్లవి ఇంత సన్నగా ఉండవే...”

కోపం సగం దిగిపోయింది. డాక్టరు, ఆయన భార్య, టైలరమ్మ ముగ్గురూ గడ్డిలో నలిగిన దారి పట్టుకుని వెళ్ళారు. ఆ దారి డాక్టరు అత్తగారి సమాధి దగ్గర ఆగింది. రాతిపలక కింద బొరియ. దాని ముందు సాయంత్రపు ఎండలో మూడు నక్కపిల్లలు ఆయన బూటు నాలుకని తలా ఒక వైపు లాగుతున్నాయి.

“నక్క తోక తొక్కితేనే అదృష్టమంటారు. మీ బూటే నక్కింటికి వెళ్ళింది, ఇంకేం కావాలి సార్?” అంది టైలరమ్మ.

“రేపే తవ్వించేస్తాను!”

“మా అమ్మ సమాధి మీద గునపం పడితే, మీకు వంట ఆ నక్కే చేస్తుంది” అంది భార్య. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. “పిల్లలంటే అమ్మ పడిచచ్చేది. మనకి లేరుగా. ఎవరో ఒకరు వచ్చి ఆడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి.”

డాక్టరు భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాతి సమావేశంలో తవ్వకం ఊసే రాలేదు. వరండాలో చెప్పులకి తలుపులున్న బీరువా పెట్టించారు. మందిరం ముందున్న గడ్డి డాక్టరుకి వదిలేశారు, వెనకది నక్కలకి. కానీ ఆయన మిషను తుప్పు పడుతోంది. సాయంత్రమైతే భార్యాభర్తలిద్దరూ దుర్భిణీతో అత్తగారి సమాధికి ఎదురుగా కూర్చుంటున్నారు. క్లినిక్‌లో డాక్టరు రోగుల నోట్లో అద్దం పెట్టి, వాళ్ళు బదులు చెప్పలేని స్థితిలో ఉండగా, “మా చిన్నదానికి కోరపళ్ళు వచ్చాయండీ!” అని చెబుతున్నాడు.