రెండు తలల సింహం

"నడిచే సింహం జెండాకర్ర వైపే నడవాలి అత్తయ్యా. ముందువైపూ అంతే, వెనకవైపూ అంతే," అంది బెరిల్ మూడోసారి.

"ముప్పై ఒక్క ఏళ్ల నుంచీ కుడుతున్నాను. నాకు సింహాల నడక నేర్పుతున్నావా?" అంది ఈనిడ్, టీ కప్పులు నింపుతూ.

ఆమె భర్త సెసిల్ చేపలో ముల్లు ఏరుకుంటున్నాడు. "రాణిగారి జెండా గురించి ఈ ఇంట్లో జరిగినంత గొడవ రాణిగారింట్లో కూడా జరిగుండదు," అన్నాడు. కొడుకు లెన్ మాత్రం అమ్మ వైపూ చూడలేదు, భార్య వైపూ చూడలేదు.

లండన్‌కు దిగువన ఉన్న ఓడరేవులో, జెండాలు కుట్టే గదిలో అత్తాకోడళ్లిద్దరూ పనిచేస్తారు. బెరిల్‌వి ఓడల మధ్య సైగలకు వాడే జెండాలు. రాణిగారు ఎక్కిన ఓడ మీద మాత్రమే ఎగిరే ఆమె సొంత జెండా ఈనిడ్‌ది. అందుకే కిటికీ పక్క కుర్చీ కూడా ఆమెదే. తప్పు కుట్టిందని తేలితే అది పోతుంది. వచ్చే వారమే రాణిగారి రాక. పని తెమలక, రెండువైపులా మూడేసి బంగారు సింహాలు కుట్టిన ఆ జెండా ఎర్రముక్కను ఆదివారమని కూడా చూడకుండా ఇంటికి తెచ్చుకుంది.

"సరే, వెలుతురులో పెట్టి చూద్దాం," అని ఈనిడ్ తనే లేచి ముక్కను కిటికీకి అడ్డంగా పట్టుకుంది. సాయంకాలపు ఎండ బట్టలోంచి దూరింది. ముందు సింహం మీద వెనక సింహం నీడ పడింది. తల ఉండాల్సిన చోటా తలే, తోక ఉండాల్సిన చోటా తలే.

"రెండు తలలు. ఎటు పోవాలో పాపం దానికే తెలీడం లేదు," అన్నాడు సెసిల్.

బెరిల్ నవ్వలేదు. ఈనిడ్ అది గమనించింది.

బుట్టలోంచి సింహం ఆకారం కత్తిరించిన కాగితం తీసింది. దాని మూల, తను కొత్తలో రాసుకున్న అక్షరాలు: వెనకవైపుకు కాగితం తిరగెయ్యాలి. కళ్లజోడుతో కూడా అవి కనబడలేదు. అక్కడుంటాయని తెలుసు గనక చదవగలిగింది.

చిన్న కత్తెర కోడలి చేతిలో పెట్టింది. "విప్పు. బట్ట పోగు తెగకూడదు." తర్వాత కూర్చుని, చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

"అందరూ వినండి. రేపట్నుంచి కిటికీ పక్క కుర్చీ బెరిల్‌ది. కుట్టుగదిని చూసుకునే పెద్దమ్మగారికి నేనే చెప్తాను."

"మరి నువ్వమ్మా?" అన్నాడు లెన్.

"పక్కనే స్టూలేసుకుంటాను. ఇది కుట్టిన ప్రతి సింహాన్నీ వెలుతురులో పట్టుకుని చూసేది నేనే."