నిప్పు లాగేసిన కండక్టరమ్మ

ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేకపోయింది. నాలుగో రోజునే చిన్న రైలు మ్యూజియానికి వెళ్లి, "జీతం వద్దు, పని కావాలి" అంది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద ఒకప్పుడు కలపనీ మనుషుల్నీ మోసిన ఆవిరి ఇంజన్లు అక్కడ మూడున్నాయి. వాటిలో ఒక్కటే ఇంకా కదులుతుంది. దాన్ని కదిలించేది కూడా జీతగాళ్లు కాదు, ఆదివారాల్లో ఊరికే వచ్చి పనిచేసే మనుషులు.

మొదటి ఏడాది కండక్టరమ్మ చేతికి ఇత్తడి తుడిచే గుడ్డ ఇచ్చారు. రెండో ఏడాది బూడిద ఎత్తించారు. మూడో ఏడాది డ్రైవరు పార అందించి, "వెయ్యి చూద్దాం" అన్నాడు. పెద్ద రైళ్లు నడిపి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషాయన. ఆమె వేసిన బొగ్గు సగం పొయ్యిలో, సగం ఆయన బూట్ల మీద పడింది.

"బస్సులో చిల్లర కూడా ఇలాగే ఇచ్చేదానివా చెల్లెమ్మా?"

"చిల్లరెక్కడిచ్చాను అన్నయ్యా, దిగేటప్పుడు తీసుకోమనేదాన్ని!"

ఆరు నెలలు తిరిగేసరికి ఆమె పరీక్ష పాసై ఫైర్‌మన్ అయింది. ఫైర్‌మన్ అంటే నిప్పు చూసుకోవాలి, అంతకంటే ముఖ్యంగా నీళ్లు చూసుకోవాలి. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే అది పేలుతుంది. అందుకే లోపలికి నీళ్లు తోసే ఇంజెక్టర్లు రెండుంటాయి. రెండూ పనిచేస్తేనే బండి కదలాలని నియమం.

పాత వంతెన దాకా కొత్తగా వేసిన లైనును ప్రారంభించే రోజు వచ్చింది. మూడు పెట్టెల నిండా బడిపిల్లలు. మెడలో దండతో ముఖ్య అతిథి. ఇంకో అరగంటలో బయలుదేరాలనగా కుడివైపు ఇంజెక్టర్ మొరాయించింది. నీళ్లు బాయిలర్‌లోకి పోకుండా కిందికి కక్కుతోంది. కండక్టరమ్మ విప్పి, కడిగి, బిగించి మూడుసార్లు ప్రయత్నించింది. ఊహూఁ.

మేనేజరు పరుగున వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని మనిషి, పైవాళ్ల ముందు మార్కుల కోసం ఆరాటపడేవాడు.

"ఎడమది పనిచేస్తోందిగా?"

"చేస్తోంది. అది కూడా ఆగిపోతే?"

"పది నిమిషాల ప్రయాణం, అమ్మా! అపశకునం మాటలొద్దు."

"ఇది శకునం కాదు సార్, నియమం."

"మీరు రాకపోతే దిగండి. డ్రైవరుగారు రెండు పనులూ చూసుకుంటారు."

ఆమె డ్రైవరు వైపు చూసింది. ఆయన ఆ చూపు తప్పించుకుని, వంగి పార అందుకున్నాడు.

అప్పుడు ఆమెకు అందరికంటే ఆయన మీదే కోపం వచ్చింది. పనిచేస్తున్న ఇంజెక్టర్ తెరిచి బాయిలర్ నిండుగా నీళ్లు పట్టింది. పొడుగాటి ఇనప కొక్కెం తీసి, పొయ్యిలోని నిప్పంతా కింది బూడిద గుంటలోకి లాగిపారేసింది. మండే బొగ్గు గుట్టగా పడింది. మళ్లీ రాజేసి ఆవిరి పుట్టించాలంటే ఒక పూట పడుతుంది. ఆ సెగకు మేనేజరు నాలుగడుగులు వెనక్కి గెంతాడు.

"ఏం చేస్తున్నారు? మీకు పిచ్చి పట్టిందా?"

"బండి ఆపుతున్నాను" అంది ఆమె, రొప్పుతూనే. "పెట్టెల్లో పిల్లలున్నారు."

పిల్లలు ఉసూరుమంటూ దిగారు. ముఖ్య అతిథి కారెక్కి వెళ్లిపోయాడు. మేనేజరు ఆమె గుర్తింపు కార్డు అక్కడికక్కడే లాక్కున్నాడు. చేతి తొడుగులు కూడా ఇమ్మంటే, "ఇవి నావి" అని వాటితోనే ఇంటిదారి పట్టింది.

జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. బండి కదిలి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరి నోటికొచ్చింది వాళ్లన్నారు. క్షమాపణ రాసిస్తే మళ్లీ చేర్చుకుంటామని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది.

"రాసిచ్చెయ్యమ్మా, పోయేదేముంది?" అంది కూతురు.

"తప్పు చేసుంటే కాళ్లు పట్టుకునేదాన్ని. చెయ్యలేదే!"

ఆ ఉత్తరం వెనకే, "క్షమాపణ చెప్పను. కుడి ఇంజెక్టర్ బాగుచేశారా?" అని రాసి పంపింది. అంతటితో ఊరుకోలేదు. ప్రతి ఆదివారం మామూలు సందర్శకురాలిలా టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, బస్సు చివరి సీటుదాకా వినబడే గొంతుతో అదే ప్రశ్న అడిగేది. వచ్చిన జనం కూడా "ఏమిటండీ ఆ ఇంజెక్టర్?" అని అడగడం మొదలుపెట్టారు. మేనేజరు ఆమెను చూస్తే గది తలుపు వేసుకునేవాడు.

అయిదో ఆదివారం గేటు దగ్గర డ్రైవరు నిలబడి ఉన్నాడు. నెలరోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఆ రోజు పార పట్టుకున్నాను చూడు" అన్నాడు. "నలభై ఏళ్ల సర్వీసు మీద మసి పూసుకున్నాను, చెల్లెమ్మా. ముఖ్య అతిథి ముందు బండి నడపాలని ఆశపడ్డాను."

ఆమె వెంటనే కరిగిపోలేదు. "నన్ను ఒంటరిదాన్ని చేశావు అన్నయ్యా" అంది.

"చేశాను. ఇవాళ చెయ్యను. నువ్వు ఎక్కేదాకా నేనూ ఎక్కనని చెప్పొచ్చాను. షెడ్డులో మిగతావాళ్లు కూడా పనిముట్లు కింద పెట్టారు."

మూడు వారాలు మేనేజరు బిగుసుకుని కూర్చున్నాడు. నడవని రైలును చూడ్డానికి జనం పలచబడ్డారు. చివరికి ఇంజెక్టర్‌ను లోపలి భాగాలతో సహా విప్పదీయించక తప్పలేదు. లోపలి ఇత్తడి గొట్టం నిలువునా చీలి ఉంది. కొత్తది చేయించి బిగించారు.

కండక్టరమ్మను పిలిచి మేనేజరు ఒక కాగితం ముందు పెట్టాడు. ఇకపై మేనేజరు ఆదేశాలు పాటిస్తానని సంతకం చెయ్యాలట. ఆమె ఆ వాక్యం కొట్టేసి, దాని కింద, "ఇంజన్ మీద ఉన్న ఇద్దరిలో ఎవరు వద్దన్నా బండి కదలదు" అని రాసి, సంతకం పెట్టి, ఆయన వైపు తోసింది.

"ఇప్పుడు మీరు పెట్టండి సార్."

ఆయన కలం మూత తీసి, ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. తర్వాత పెట్టాడు.

మళ్లీ ఆ బడిపిల్లల్నే పిలిపించారు. దండలూ ఉపన్యాసాలూ లేవు. రెండు ఇంజెక్టర్లూ చూసుకునేసరికి బండి పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. పిల్లలు కిటికీల్లోంచి అరుస్తుంటే డ్రైవరు ఆమె వైపు తిరిగి, "ఏమంటావ్?" అని అడిగాడు.

"పోనీయ్ అన్నయ్యా" అంది ఆమె.